జాబితాలో తమ్ముడి పేరు

అప్పలసూరి ఆ మాట అనేశాక వరండాలో ఉన్న ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అతను గట్టిగా కూడా అనలేదు. ఐసీయూ తలుపు పక్కన గోడకు చేరగిలబడి, తల్లి భాగ్యవతి వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అన్నాడు. "ఆ అవయవదానం అమ్మాయి ఝాన్సీనే పిలుస్తాది గానీ మనల్ని పిలవదు, సూసినావా? తన తమ్ముడికి కిడ్నీ కావాలని నీ కోడలే సెప్పుంటాది."

మందుల సంచి పట్టుకుని మెట్లెక్కి వస్తున్న ఝాన్సీలక్ష్మి ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. వెనక్కి దిగిపోదామనుకుంది. దిగి ఎక్కడికి పోవాలో తోచలేదు. ఈ శ్రీకాకుళంలో ఆమెకు తెలిసినవాళ్లు ఆ తలుపుకు అవతల ఒకరు, ఇవతల ఇద్దరు. అంతే.

పైకే వచ్చింది. సంచి నర్సు చేతికిచ్చి, బావగారి ఎదురుగా నిలబడింది.

"నేను సెప్పలేదు బావా," అంది.

"సెప్పకపోతే ఆ అమ్మాయికి ఎలా తెలిసింది?"

"ఆ అమ్మాయికి తెలీదు. ఇంకా సెప్పలేదు."

నోరు జారాక గాని తెలియలేదు ఏమందో. అప్పలసూరి మరి వాదించలేదు. ఆ 'ఇంకా' అన్న మాటే చాలన్నట్టు తల ఊపి, తల్లి వైపు చూశాడు. భాగ్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎదుటి గోడ వైపే చూస్తూ కూర్చుంది. పొద్దున డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె నోరు విప్పలేదు. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

డాక్టరు చెప్పింది చిన్న మాటే. ఝాన్సీ భర్త మురళీమోహన్ మెదడు చచ్చిపోయింది. గుండె మందులతో కొట్టుకుంటోంది, ఊపిరి మిషన్‌తో ఆడుతోంది. పొద్దున నలుగురు డాక్టర్లు చేరి, కాసేపు మిషన్ తప్పించి చూశారు. తనంత తాను ఒక్క ఊపిరి కూడా తీయలేదు. సాయంత్రం మళ్లీ అదే పరీక్ష చేస్తారు. అప్పుడూ తీయకపోతే, చట్టం ప్రకారం మనిషి పోయినట్టే.

ఒంటికి వెచ్చదనం ఉంది కదా, పోయినట్టు ఎలా అవుతుందని భాగ్యవతి అడగలేదు. ఆమె ముఖం అడిగింది. డాక్టరు ఆ ముఖానికి కూడా ఓపిగ్గానే జవాబు చెప్పాడు. అది చెవికెక్కిందో లేదో ఎవరికీ తెలియదు.

కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో మోటార్లకు వైండింగు చేసే కొట్టు మురళిది. రైతులు కాలిపోయిన నీటి మోటార్లు తెచ్చి పడేస్తే, పాత రాగితీగ విప్పి, కొత్తది చుట్టి ఇచ్చేవాడు. మొన్న ఆ పనిలో ఉండగానే తల పట్టుకుని, లోపల ఏదో తెగిపోయినట్టుందని పక్క కొట్టువాడితో అని, అలాగే ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. తప్పు ఫలానావాళ్లదని అనడానికైనా లేకుండా పోయింది.

కిడ్నీ మాట మాత్రం ఆ ఇంటికి కొత్త కాదు.

ఝాన్సీ పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి దగ్గర. జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్న ఆ చల్లటి నేల మీద మనుషులకు కిడ్నీలు ఎందుకు పాడవుతాయో తేల్చడానికి ఎందరో వచ్చారు, నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. ఆమె తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. తమ్ముడు ప్రదీప్‌కు ముప్పై నిండకుండానే అదే వచ్చింది. తల్లి జగ్గమ్మ తన కిడ్నీ ఇస్తానంటే, ఆమెవీ అంతంత మాత్రమే అన్నారు. ఝాన్సీ ఇస్తానంటే రక్తం గ్రూపు కలవలేదు.

అప్పుడు మురళి ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చాడు. అతనిది కలిసింది. "ఒకటి ఆడికిచ్చీస్తాను. నాకొకటి సాలదేటి?" అన్నాడు రాత్రి అన్నం దగ్గర, ఇంకో గరిటె పులుసు అడిగినంత తేలిగ్గా.

ఆ మాట భాగ్యవతి చెవిన పడింది. కొట్టు గుమ్మంలో చాప వేసుకు కూర్చుని అన్నం మానేసింది. కొడుకు వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఇవ్వనని ఒట్టు వేశాకే లేచింది. ప్రదీప్ డయాలసిస్ మీద పడ్డాడు. చనిపోయినవాళ్ల కిడ్నీల కోసం ఎదురుచూసేవాళ్ల ప్రభుత్వ జాబితాలో అతని పేరు చేరింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో కిడ్నీ అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఇవాళ అప్పలసూరి ఎత్తాడు.

లోపలికి పంపినప్పుడు ఝాన్సీ మురళి మంచం పక్కన నిలబడింది. గొట్టం నోటికి ఒక వైపు కట్టి ఉంది. ఛాతీ లేస్తోంది, పడుతోంది, ఎక్కడా తడబాటు లేకుండా. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను అంత తూకంగా ఊపిరి తీయడం ఆమె చూడలేదు. గురక పెట్టేవాడు. మధ్యలో ఆగేవాడు. ఆమె మోచేత్తో పొడిస్తే అటు తిరిగి పడుకునేవాడు.

చెయ్యి పట్టుకుంది. వేడిగానే ఉంది. గోళ్ల అంచుల్లో మోటారు వార్నిష్ గోధుమరంగుగా ఎండిపోయి ఉంది. ఎన్నిసార్లు రుద్ది కడిగినా పోయేది కాదు అది.

ఝాన్సీకి ప్రతిదీ అతన్ని అడగడం అలవాటు. కూతురు సింధుని ఏ బడిలో వెయ్యాలి, అత్తకు ఏ చీర కొనాలి, ఫలానా పెళ్లికి వెళ్లాలా వద్దా. అతను సగం విని ఏదో ఒకటి చెప్పేవాడు. అతను చెప్పినట్టు చేసిందీ తక్కువే. అయినా అడిగేది. అడగడంతోనే సగం బరువు దిగిపోయేది.

"ఏటి సెయ్యమంటావు?" అంది ఇప్పుడూ, వంగి చెవి దగ్గర.

మిషన్ తన పని తాను చేసుకుపోయింది. కాసేపు చూసి నర్సు, ఇక వెళ్లమన్నట్టు కుర్చీ పక్కకు జరిపింది.

బయటికి రాగానే ఫోను మోగింది. జగ్గమ్మ. కూతురు ఏం తిన్నదని అడిగింది. వియ్యపురాలు ఏమైనా తిన్నదా అని అడిగింది. సింధు పెదనాన్న ఇంట్లో పెద్దమ్మ దగ్గర ఉందంటే, పిల్లకు జడలు వేసేవాళ్లున్నారా అని అడిగింది. డాక్టర్లు ఏమన్నారని అడిగి, చెప్పినంతా విని, ఏడ్చింది. ప్రదీప్ సోంపేటలో డయాలసిస్ అవగానే అటే రైలెక్కుతానన్నాడనీ, వద్దంటే వినలేదనీ చెప్పింది.

అన్నీ అడిగింది. ఒక్కటి అడగలేదు.

మాటలైపోయినా ఫోను పెట్టెయ్యలేదు. అటు నుంచి ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఆ చివర తల్లి ఒక మాట నాలుక చివరికి తెచ్చుకుని మింగేస్తోందని ఝాన్సీకి తెలుసు. ఆ మాట తల్లికి తోచినందుకు కోపం రావాలి. రాలేదు. తనకు అంతకుముందే తోచింది కనుక.

"ఉంటానమ్మా," అని ఝాన్సీయే పెట్టేసింది.

అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడే తులసి గది కింది అంతస్తులో, రక్తపరీక్షల గదికి ఆనుకుని ఉంది. పొద్దున పరీక్ష అయ్యాక డాక్టరు చెప్పమంటేనే ఆమె ఝాన్సీని పిలిచింది. భార్య సంతకం ముఖ్యం కనుక ముందు భార్యతో మాట్లాడింది తప్ప, అందులో వేరే ఉద్దేశం లేదు. ఇప్పుడు ఝాన్సీ తనంత తానే వెళ్లి కూర్చుని, అప్పుడు చెప్పనిదంతా చెప్పింది. తమ్ముడి జబ్బు, జాబితా, రెండేళ్ల నాటి ఒట్టు.

తులసి వింటూ ఒక్కసారి కూడా తల దించలేదు. అంతా అయ్యాక, చెప్పింది మంచిదయింది అంది.

సిగ్గుతో ఝాన్సీ చెవులు వేడెక్కాయి. "మరి... మావాడికి రావడానికి వీలుందా అండి?"

ఎవరికివ్వాలో కుటుంబం చెప్పడానికి లేదంది తులసి. ఆసుపత్రి చెప్పడానికీ లేదు. రక్తం గ్రూపు కలవాలి, జాబితాలో వంతు రావాలి, ఆ వేళకు ఆ మనిషి ఒళ్లు బాగుండాలి. ఇచ్చినవాళ్లెవరో పుచ్చుకున్నవాళ్లకు చెప్పరు, పుచ్చుకున్నవాళ్లెవరో వీళ్లకు చెప్పరు.

"గ్రూపు కలుస్తాది. ఆయన అప్పుడు పరీక్ష సేయించుకున్నారు."

"అయితే రావచ్చండి," అంది తులసి నెమ్మదిగా. "రాకపోవడానికే ఎక్కువ వీలుంది. మీ తమ్ముడి కన్నా ముందు చాలామంది ఉంటారు. ఆశ పెట్టుకోమని చెప్పలేను. పెట్టుకోవద్దని కూడా చెప్పలేను. అబద్ధమవుతుంది."

ఝాన్సీ కొంగు చివర ముడి వేసింది, విప్పింది.

"రేపెవరైనా అడిగితే... మొగుడి పుణ్యం కోసం పెట్టినావా సంతకం, తమ్ముడి కోసం పెట్టినావా అంటే, ఏటని సెప్పాలి?"

"నాకూ తెలీదండి," అంది తులసి. ఇవ్వకపోయినా ఎవరూ తప్పు పట్టరని చెప్పింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోనప్పుడు సంతకం ఉన్నా డాక్టర్లు ముందుకు వెళ్లరని కూడా చెప్పింది. అత్తగారూ బావగారూ ఒప్పుకుంటేనే మేలంది.

మెట్లెక్కుతుంటే ఝాన్సీకి ఒకటి తట్టింది. ఆ గదిలో కూర్చున్నంతసేపూ తను మురళి పోయాడన్నట్టే మాట్లాడింది. సాయంత్రం పరీక్ష ఇంకా కానేలేదు.

వరండాలో భాగ్యవతి ఒక్కతే ఉంది. అప్పలసూరి భోజనం పొట్లాలు తెస్తానని వెళ్లాడు. ఝాన్సీ ఒక కుర్చీ వదిలి కూర్చుంది. కిటికీలోంచి నాగావళి ఇసుక తెల్లగా కనిపిస్తోంది, మధ్యలో సన్నటి నీటిపాయ. ఎండ చురుక్కుమంటోంది.

"ఆ పిల్ల దగ్గరికి ఎల్లినావు," అంది భాగ్యవతి. పొద్దుటి నుంచి మాట్లాడని గొంతు, గీరుకుపోయింది.

"ఎల్లినాను అత్తా."

"అంతా సెప్పీసినావా?"

"సెప్పీసినాను."

"నీ తమ్ముడికే ఇస్తామన్నారా?"

"అలాగ కుదరదన్నారు. వంతు ఎవరిదైతే ఆళ్లకే. ఆడికి రావొచ్చు, రాకపోవొచ్చు."

భాగ్యవతి కొంగు నోటి మీంచి తీసింది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. "నేను ఆ దినం ఒట్టు ఏయించకపోతే, నా కొడుకుది ఒకటి ఈపాటికి నీ తమ్ముడి ఒంట్లో ఉండును. అది అనుకోలేదని సెప్పకు. నువ్వు అనుకున్నావు. మీ అమ్మ అనుకుంది. నేనూ అనుకుంటన్నాను, పొద్దున్నుండీ."

ఝాన్సీ కిటికీ వైపు తిరిగింది.

"సూరి మాట పట్టుకోకు. ఆడు ఊరోళ్లు రేపు అనబోయేదే ఇయ్యాల అన్నాడు. తమ్ముడి కోసం మొగుడికి మిషన్ తీయించీసింది అంటారు. నీ ఎదర అనరు. సింధు ఎదర అంటారు. అది బడికెల్లినప్పుడు, నూతి కాడ నిలుసున్నప్పుడు. మీ అమ్మ మీ మావయ్యకి మీ నాన్న కిడ్నీ పెట్టించింది గదే అంటారు. అప్పుడు అది నీ మొకం సూస్తాదా?"

"ఆడికి వచ్చిందో లేదో మనకే తెలీనప్పుడు..."

"తెలీకపోతేనే ఎక్కువంటారు." భాగ్యవతి ఇప్పుడు కోడలి వైపు తిరిగింది. "నేను ఒద్దనను. ఆడు బతికుండగా ఒకలికి ఇస్తానంటే ఆపినాను. ఇప్పుడూ ఆపితే నేను తల్లిని కాదు, మరేటో. అయితే ఒక్కటి. ఆ లిస్టులోంచి నీ తమ్ముడి పేరు తీయించీమను. తీయించీసినాడని తెలిస్తే సూరికి నేనే సెప్తాను. సంతకం పెట్టమని నేనే అంటాను."

కాసేపటిదాకా ఝాన్సీకి ఆ మాటల అర్థం తెలియలేదు. తెలిశాక లేచి నిలబడింది.

"అత్తా, ఆడు ఆ పేరు మీదే బతుకుతన్నాడు."

"నా కొడుకు దేని మీద బతుకుతన్నాడే?" అంది భాగ్యవతి. కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ప్రదీప్ వచ్చేసరికి ఎండ వాలింది. ఆమదాలవలసలో రైలు దిగి ఆటో ఎక్కి వచ్చాడు. చొక్కా చెయ్యి మడత పెట్టిన చోట దూది, దాని మీద ప్లాస్టరు. ముఖం ఉబ్బి, మెడ దగ్గర ఎముకలు తేలి, ఒకే మనిషిలో ఇద్దరు మనుషుల్లా ఉన్నాడు. ఎడమచేతిలో అరలీటరు సీసా, అందులో కొద్దిగా నీళ్లు. ఆ రోజుకి అతనికి అవే.

ముందు లోపలికి వెళ్లి బావను చూసి వచ్చాడు. భాగ్యవతికి దండం పెట్టాడు. ఆమె తల మాత్రం ఊపింది. అప్పలసూరి ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

అక్కా తమ్ముడూ ఆసుపత్రి వెనక మెట్ల మీద కూర్చున్నారు. ఝాన్సీ ఏం అడగకూడదో ముందే నిర్ణయించుకుంది. అమ్మ సంగతి అడిగింది. సూది నొప్పి పెట్టిందా అని అడిగింది. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికిందా అని అడిగింది.

"సూరి బావ ఫోను సేసినాడు," అన్నాడు ప్రదీప్. "రైల్లో ఉండగా. అత్త నీతో ఏటన్నాదో ఆవిడని అడిగి తెలుసుకుని నాకు సెప్పినాడు."

ఝాన్సీ కళ్లు మూసుకుంది. "నేను అడగలేదు రా."

"అడగవు. ఇంటికెల్లేదాకా అడగవు. అందుకే నేనే సెప్తన్నాను." సీసా మూత తీసి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, మళ్లీ బిగించాడు. "నేను తీయించుకోను అక్కా."

ఆమె అతని చేతిలోని సీసా వైపు చూసింది.

"బావంటే నాకు ప్రేమ లేక కాదు. ఆయన ఇస్తానన్న దినం నేను రాత్రంతా ఏడిసినాను, నీకు తెలీదు. అత్త ఆపేసినప్పుడు కూడా ఏటీ అనుకోలేదు. ఆవిడ తల్లి. కానీ ఆ లిస్టులో నా పేరున్నాది అనుకునే నేను రాత్రుళ్లు పడుకుంటన్నాను. నాన్న పోయినప్పుడు అలాంటి లిస్టు ఒకటుందనే మనకి తెలీదు. నాకు తెలిసింది. తెలిసి, నా సేత్తో నేను కొట్టీసుకోలేను. మంచోణ్ణి కాదనుకో. అనుకో పర్లేదు."

"అనుకోను."

"బావది నాకు రావొద్దు. వస్తే తెలీనే తెలీదు, అది వేరే సంగతి. నా గురించని ఇవ్వకు. నా గురించని మానీకు. నన్ను దీనిలోకి లాగకండి, అంతే."

కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నాడు. బతకాలని ఉందని ఇంత విప్పి చెప్పడం అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. జబ్బు పడ్డ నాటి నుంచీ 'నాదేముంది' అనేవాడు. ఇప్పుడు ఉంది అంటున్నాడు. ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పుకోగలిగిన మనిషి పై అంతస్తులో నోటికి గొట్టంతో ఉన్నాడు.

"బావ దగ్గర ఇంకాసేపు కూసుంటావా?" అంది.

"కూసోనిస్తే కూసుంటాను."

ఆమె తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది. చొక్కా కింద వెన్నుపూసలు చేతికి తగిలాయి. ఇద్దరూ చాలాసేపు నది వైపు చూస్తూ కూర్చున్నారు. అంత దగ్గరగా కూర్చున్నా తను ఒక్కతే ఉన్నట్టే ఉంది ఝాన్సీకి. తల్లి తన మాట మింగి ఊరుకుంది. అత్త తన షరతు చెప్పి ఊరుకుంది. తమ్ముడు తన మాట తాను చెప్పి తేలికపడ్డాడు. దించుకోవడానికి చోటు లేనిది ఆమెకే.

దీపాలు పెట్టే వేళకు డాక్టర్లు మళ్లీ వచ్చారు. తలుపు మూశారు. తెరిచాక పెద్ద డాక్టరు నేరుగా భాగ్యవతి దగ్గరికి వచ్చి, ఆమె ముందు ఒంగి, చేతులు జోడించాడు. ఊపిరి రాలేదన్నాడు. ఈ నిమిషం నుంచి మురళీమోహన్ చనిపోయినట్టు రాస్తామన్నాడు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మాకు సమ్మతమే, కాస్త తొందరగా చెప్పమన్నాడు.

భాగ్యవతి కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. ఏడవలేదు. అప్పలసూరి గోడకు తల ఆనించి, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పొద్దుటి నుంచి అందరి మీదా విరుచుకుపడుతున్న ఆ మనిషి తమ్ముణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన అన్న అని ఝాన్సీకి అప్పుడు గుర్తొచ్చింది. దగ్గరకు వెళ్దామనుకుంది.

"నీ తమ్ముడు ఏటన్నాడు?" అంది భాగ్యవతి నేల మీంచి.

ప్రదీప్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తీయించేసుకున్నాడని ఒక్క మాట అంటే చాలు. కాదని ఎవరూ వెళ్లి చూడరు. ఆ అబద్ధం ఝాన్సీ నోట్లో తయారుగా ఉంది, తీయగా కూడా ఉంది.

"తీయించుకోనన్నాడు అత్తా. ఆడికి బతకాలనున్నాది."

అప్పలసూరి ముఖం తుడుచుకుంటూ ఇటు తిరిగాడు. అతను నోరు తెరవకముందే భాగ్యవతి చెయ్యెత్తి ఆపింది. ఆ ఎత్తిన చెయ్యే ప్రదీప్ వైపు చాపింది.

"లేవదియ్యి నాయినా."

ప్రదీప్ వచ్చి చెయ్యి అందించాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని లేవబోయి, మధ్యలో ఆగిపోయింది. వేళ్లు వెనక్కి తీసి, మళ్లీ పెట్టి చూసింది.

"ఏటిది? లోపల జుమ్మని కొట్టుకుంటన్నాది."

"రక్తమే అత్తా. డయాలసిస్ మిషన్‌కి ఎక్కించడానికి ఆపరేషన్ సేసి రెండు నరాలు కలిపీసినారు. ఎప్పుడూ అలాగే ఉంటాది."

"పడుకున్నప్పుడు కూడానా?"

"పడుకున్నప్పుడు ఇనిపిస్తాది. సెయ్యి తలకింద పెట్టుకుంటే."

భాగ్యవతి ఆ చెయ్యి వదలలేదు. దాన్నే ఊతం చేసుకుని లేచి, దాన్నే పట్టుకుని ఐసీయూ తలుపు వైపు నడిచింది. నర్సు ఇద్దరినీ అడ్డుకోలేదు.

అద్దంలోంచి ఝాన్సీకి వాళ్ల వీపులు కనిపించాయి. మంచానికి ఒక వైపు తల్లి, పక్కన ప్రదీప్. భాగ్యవతి కొడుకు జుట్టు వెనక్కి దువ్వింది. ఏదో అంటోంది. కొడుకుతోనో, ప్రదీప్‌తోనో తెలియలేదు. కొంతసేపటికి ప్రదీప్‌ను కుర్చీలో కూర్చోమని భుజం నొక్కింది. తను మాత్రం బయటికి వచ్చింది.

తులసి అప్పటికే కాగితాలతో వచ్చి నిలబడి ఉంది.

భాగ్యవతి కోడలి ఎదురుగా నిలబడింది. "సంతకం పెట్టు," అంది.

ఝాన్సీ తులసి చేతిలోని కాగితాల వైపు చూసింది. "అత్తా..."

"గుండె ఇచ్చీ. కళ్లు ఇచ్చీ. ఇంకేటేటి పనికొస్తాయంటే అయ్యన్నీ ఇచ్చీ." ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టింది. "కిడ్నీలు మాత్రం వొద్దు."

తులసి ఏదో అనబోయి మానుకుంది.

"అలాగైతే నాకేటీ అడ్డు లేదు," అన్నాడు అప్పలసూరి మెల్లగా. "ఎవలూ ఏటీ అనడానికుండదు. మురళి పేరు నిలుస్తాది, ఝాన్సీకి మాట రాదు." ఆ మాటల్లో ఇప్పుడు పగ లేదు. నిజంగానే మంచి దారి దొరికిందని తెరిపిన పడ్డాడు.

"అయి కాలిపోతాయి అత్తా," అంది ఝాన్సీ. "రేపు ఆయనతో పాటు బూడిదైపోతాయి. మావాడికి రాకపోతే పోనీ. ఇంకెవలికో..."

"నాకు తెలుసు."

"తెలిసే సెప్తన్నావా?"

"నాకోసం కాదు పిల్లా. నీ కోసమే." అని భాగ్యవతి ముఖం తిప్పుకుంది.

ఝాన్సీ ఆ ముఖం కేసి చూసింది. అది నిజమో, పాత ఒట్టు ఇంకా వదలని పట్టుదలో, తన కొడుక్కి దక్కని బతుకు మరొకరికి దక్కుతుందేమోనన్న దుఃఖమో, ఏదీ విడదీసి తెలుసుకోలేకపోయింది. బహుశా భాగ్యవతికీ తెలియదు.

ఏవేవి ఇస్తారో మీరే రాయాలండి, బలవంతమేమీ లేదని తులసి కాగితం అందించింది. ఒకదాని కింద ఒకటి పేర్లు అచ్చువేసి ఉన్నాయి, ప్రతి పేరు పక్కనా ఖాళీ చోటు. అందరూ ఒప్పుకున్నారు. ఇంట్లో ఇక గొడవ లేదు. డాక్టర్లు ముందుకు వెళ్లడానికి అడ్డం లేదు. ఇంతసేపూ ఎంత వెతికినా దొరకని ఏకాభిప్రాయం, అడగకుండానే వచ్చి చేతిలో పడింది.

అద్దం అవతల ప్రదీప్ బావ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏదో కబురు చెబుతున్నాడు, ఎప్పుడూ కొట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని చెప్పినట్టే. తలుపుకు ఇవతల ఏం తేలిందో అతనికి తెలియదు. తను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు.

ఝాన్సీ కాగితాన్ని గోడకు ఆనించి పెట్టుకుంది. గుండె పక్కన సంతకం పెట్టింది. కాలేయం పక్కన పెట్టింది. కళ్ల పక్కన పెట్టింది. అక్షరాలు ఆమెవిలా లేవు.

తర్వాతి వరుస కిడ్నీలది. అక్కడ పెన్ను ఆగింది.

వెనక నుంచి భాగ్యవతి చెయ్యి ఆమె భుజం మీద పడింది. బరువుగా, వెచ్చగా, కదలకుండా ఉండిపోయింది. అది ఆపడానికి వేసిన చెయ్యో, నిలబడలేక ఆసరాకు వేసిన చెయ్యో ఝాన్సీకి తెలియలేదు. వెనక్కి తిరిగి చూడకుండానే పెన్నును ఆ ఖాళీ చోటుకు ఆనించింది.